గేదె నిద్రకు గంటగంటకూ రీడింగు

1999 జూలై 14, బుధవారం, సాయంత్రం అయిదు గంటలు. స్థలం: రామచంద్రపురం దగ్గర మా ఇంటి పెరట్లో పశువుల పాక. హాజరైనవారు: నేను, నా భార్య సుభద్ర, మొగల్తూరు నుంచి వచ్చిన ఆమె తమ్ముడు సత్తిబాబు, పాలు పితికే సూరన్న, పశువుల డాక్టరుగారు, గేదె.

ఆనాటి డైరీలో ఇంతవరకే చేతిరాత కుదురుగా ఉంది. ఆ కింద పెన్ను కాగితాన్ని చింపేసింది. ఒక మనిషి ఎంత పద్ధతిగా పరువు పోగొట్టుకోవచ్చో చెబుతాను, వినండి.

ముప్పై ఏళ్లు లాకుల దగ్గర నీటిమట్టం రాసినవాణ్ణి. కాలువ నిండినా ఎండినా గంటకోసారి రీడింగు. రిటైరయ్యాక చదవడానికి ఏమీ మిగల్లేదు. సరిగ్గా అప్పుడు వచ్చింది ఈ గేదె. సత్తిబాబు తన పాకలోని మేలైనదాన్ని ఎంచి, దూడతో సహా అక్కకు పంపాడు. సుభద్రకు అది గేదె కాదు, నాలుగు కాళ్ల పుట్టిల్లు.

వచ్చిన రెండు రోజులూ అది నిలబడే ఉంది. పడుకోదు.

"కొత్త చోటండి. నాలుగు రోజులు పోతే అదే పడుకుంటదండి" అన్నాడు సూరన్న.

నాలుగు రోజులు పోతే! వరదొచ్చినప్పుడు మేమూ అలాగే ఊరుకుని ఉంటే ఈ సూరన్న ఇల్లు ఎక్కడ తేలేదో! నేను ఊరుకోలేదు. పాలిచ్చి పిల్లల్ని పెంచే జంతువుల నిద్ర వాటి పరిసరాల చేతిలో ఉంటుందని ఒక వారపత్రికలో చదివాను. వెలుతురు, చప్పుడు, నేల, భయం: ఈ నాలుగే ముఖ్యమట. నాలుగూ సరిచేయడానికి నడుం కట్టాను.

సముద్రం దగ్గరి మొగల్తూరు గేదె కదా, ఇసక మీద పడుకున్న ఒళ్లు. రెండు బళ్ల ఇసక పోయించాను. సముద్రపు గాలికి బదులు ఫ్యాను పెట్టించాను. ఇక అలల హోరు. స్టేషను పట్టని రేడియో చేసే చప్పుడు అచ్చం అలాగే ఉంటుందని నాకు తోచింది. దాన్ని పాక వాసానికి వేలాడదీశాను. (నవ్వకండి. మీకైనా తోచేదే.) ఫలితం రాయాలంటే కనబడాలి గనక ట్యూబులైటు. కళ్లు మూసిందో లేదో తేల్చడానికి అయిదు బ్యాటరీల టార్చి. రిజిస్టరులో గడులు: నిలబడి, పడుకుని, నెమరు, నిద్ర.

గంటకోసారి వెళ్లి, ముఖాన టార్చి వేసి, చూసి, రాశాను. నిద్ర సుఖమెరగదంటారు పెద్దలు. ఇంత సుఖం అమర్చినా ఆ గేదె నిద్రే ఎరగలేదు. పదిహేను రోజులు గడిచాయి. పాలు సగానికి పడిపోయాయి. దూడ నన్ను చూస్తే మొహం తిప్పుకునేది.

నాకు ఒళ్లు మండింది. "మీరు పంపిన గేదెకు పుట్టుకతోనే నిద్ర లేదు. తక్షణం తీసుకుపోవలెను" అని బావమరిదికి రెండు పేజీల ఉత్తరం రాశాను. సుభద్ర దాన్ని చదివి నాతో మాట మానేసింది. ఉత్తరం అందిన మర్నాడే సత్తిబాబు వ్యాను వేసుకుని దిగాడు. డాక్టరుగారిని నేనే పిలిపించాను, దోషం రుజువు కావాలి గదా!

ఆయన పాకంతా చూసి, రిజిస్టరు తిరగేసి, ఒక పేజీ దగ్గర ఆగారు.

"ఈ ఒక్క రాత్రి గడులన్నీ ఖాళీగా ఉన్నాయేంటండి?"

"పిఠాపురంలో మా మేనకోడలి పెళ్లికి వెళ్లానండి. రీడింగు తీసే దిక్కు లేదు."

"మర్నాడు పాలెన్ని?"

డైరీ తీశాను. పేజీ వెతుకుతున్నట్టు అటూ ఇటూ తిప్పాను. సుభద్ర నా చేతిలోంచి దాన్ని లాక్కుని చదివింది.

"పాలు: బిందె నిండినది. కారణం విచారించవలెను."

"విచారించారా బావగారూ?" అన్నాడు సత్తిబాబు.

"ఫ్యానుకు ఆ ముందురోజే నూనె వేయించాను. అందువల్ల అనుకున్నాను."

"నూనె కాదండి. ఆ రేత్రి లైటూ రేడియో నేనే కట్టేసి ఎళ్లిపోయానండి. పొద్దున్నొచ్చేసరికి కాళ్లు మడిచి గురకండి, ఆయ్!" అన్నాడు సూరన్న.

"ఈ ముక్క అప్పుడే చెప్పొద్దూ!"

"తమరు అడగలేదండి. నేను చెప్పేది ఆ గడుల్లో పట్టదు కదండి."

డాక్టరుగారు కళ్లజోడు తుడుచుకున్నారు. "పశువు నిలబడి కునుకు తీస్తుందండి గాని, అసలు నిద్ర పడుకుంటేనే. భయం లేదనిపిస్తేనే పడుకుంటుంది. ఇసక బాగుంది, గాలి బాగుంది. లైటు, రేడియో తీసేయండి. ఇక ఈ పరిసరాల్లో తమరొక్కరే ఎక్కువయ్యారు."

చూశారా! కంచే చేను మేసిందట! పదిహేను రాత్రులు నిద్ర మానుకుని కాపలా కాస్తే దొంగను నేనా?

"ఇంతకీ వ్యానెక్కించాల్సింది గేదెనా, తమర్నా బావగారూ?" అన్నాడు సత్తిబాబు.

"గేదె ఇక్కడే ఉంటుందిరా. ఈయన సంగతి నేను చూసుకుంటాను" అంటూ సుభద్ర రిజిస్టరూ టార్చీ చంకన పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

పడుకోబోయే ముందు డైరీలో ప్రతిజ్ఞ రాసుకున్నాను: "నేను రీడింగు తీసిన సమస్త కాలువల సాక్షిగా, ఇకపై ఏ ప్రాణి నిద్ర గురించీ ఏ రిజిస్టరులోనూ ఒక్క అక్షరం రాయను."

మర్నాడు ఉదయం గేదె ఇసకలో జమీందారులా పడుకుని ఉంది. సూరన్న లేపితే గాని లేవలేదు. బిందె నిండింది. నా కళ్లు మాత్రం చింతనిప్పులు. రాత్రంతా గంటకోసారి మంచం మీద నా ముఖాన టార్చి పడింది మరి!

రిజిస్టరు వరండా బల్ల మీద తెరిచి ఉంది. "గేదె" అన్న మాట కొట్టేసి, సుభద్ర గుండ్రటి అక్షరాలతో "మా ఆయన" అని రాసింది. పది గంటలకు: నిద్ర లేదు. ఒంటి గంటకు: లేచి కూర్చున్నారు. నాలుగు గంటలకు: నెమరు.

నెమరా! రక్తం ఉడికిపోయింది. ఎర్ర సిరా పెన్ను తీసి, ఆ గడి పక్కనే, "నెమరు కాదు, డాక్టరుగారి మాటలు తలచుకుని గొణుక్కుంటున్నాను" అని సవరణ రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను.