తూనీగలు మెచ్చిన కారు

గోదావరిఖనిలో నల్ల కారు కొనడానికి మా బావ చెప్పిన కారణం ఒక్కటే: బొగ్గు దుమ్ము కనపడదు. అయినా గని డ్యూటీ దిగి తను స్నానం చేయగానే, కారునూ మొహం కనపడేదాకా తుడిచేవాడు. ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టగానే తూనీగలు బానెట్ మీద తోకలు తాకిస్తూ గుడ్లు పెట్టసాగాయి. అవి ఎండి రంగు మీద మచ్చలు పడ్డాయి.

“ఈ బండికేదో ఉన్నది. అమ్మేస్త” అన్నాడు బావ.

అక్క ముఖం చిన్నబోయింది. మోకాళ్ల నొప్పులతో షేర్ ఆటోలో నలుగుతూ చర్చికి పోయే బాధ ఆమెకు అప్పుడప్పుడే తప్పింది.

“తమ్మీ, సైన్సు సారువు గద. ఏమన్న చెయ్యరాదు?”

సారునే గానీ, నేను చేసిన ప్రయోగాలన్నిటికీ ఫలితం ముందే పుస్తకంలో ఉండేది. అయితే ఏదో పత్రికలో చదివింది గుర్తొచ్చింది. మామూలు వెలుగు అన్ని దిశల్లో ఊగితే, నీటి మీద మెరిసే వెలుగు చాలావరకు ఒకే దిశలో ఊగుతుంది. అదే ధ్రువణ కాంతి. మనకు తెలియని ఆ తేడా తూనీగలకు, కొన్ని సముద్రపు రొయ్యలకు తెలుస్తుంది. గుడ్లు పెట్టడానికి నీళ్లెక్కడున్నాయో తూనీగలు దాన్ని బట్టే పోల్చుకుంటాయి. ఆ రొయ్యల కళ్లను చూసి కెమెరాలు చేస్తున్నారట. నాకు రొయ్యంత స్తోమత లేదు. పాడైన క్యాలిక్యులేటర్ తెర మీద, ఒక దిశలో ఊగే వెలుగునే పోనిచ్చే పల్చటి పొర ఉంటుంది; దాన్ని ఒలిచి నా డిజిటల్ కెమెరాకు అడ్డంపెట్టాను. వీధి గుంటలో నీళ్లను, బానెట్‌ను, పొర తిప్పుతూ ఫొటోలు తీశాను.

పొర ఒకవైపు ఉంటే గుంట, బానెట్ రెండూ తళతళ. తిప్పితే రెండూ మసి.

“చూడు బావా, తూనీగకు నీ కారు చెరువు.”

“అంటె తప్పు పురుగు కండ్లదే, కారుది గాదు.”

“నీ పాలిష్‌ది.”

“దుమ్ము బండి చర్చి ముంగట పెడితె నా ఇజ్జత్ ఏం గావాలె?”

“ఇజ్జత్ నీది, మోకాళ్లు నాయి” అంది అక్క.

బావ నా ఫొటోలను నమ్మలేదు. వారం పాటు సగం బానెట్ తుడిచి, సగం గాలికొదిలేశాడు. గాలి మా ఊళ్లో కరెంటు ప్లాంటు బూడిదతో సహా వస్తుంది. తూనీగలు మెరిసే సగానికే వచ్చాయి. ధ్రువణం గురించి నేను ఎంత చెప్పినా నమ్మనివాడికి అవే ధ్రువీకరించాయి.

ఆదివారం బూడిద కప్పుకున్న కారులో అక్క ముందు సీట్లో కూర్చుంది. చర్చి దగ్గర ఎవరో, “బండి కడుగవా అన్నా?” అన్నారు.

బావ నోరు తెరిచేలోపే అక్క అంది: “కడుగడు. మా తమ్ముడు బండికి పథ్యం చెప్పిండు.”