పది వరకే ఉన్న చార్టు

లీసెస్టర్‌లో నేను పనిచేసే కేర్ హోమ్‌లో ఒక ఇటాలియన్ పెద్దావిడ ఉండేది. మతిమరుపు జబ్బు ముదిరి, ఇన్నేళ్లూ మాట్లాడిన ఇంగ్లీషంతా పోయి, చిన్నప్పటి భాష ఒక్కటే మిగిలింది. డ్యూటీ రోటాలో ఆవిడ పక్కన నా పేరు పడితే నాకు పాఠమే. ప్లేట్లోని బఠాణీలను వేలితో పక్కకు నెట్టి "దెచీనా" అనేది. అంటే ఓ పది. కుప్ప కాస్త పెద్దదైతే "వెంతీనా", ఓ ఇరవై. "చెంతినాయో" ఓ వంద, "మిల్యాయో" ఓ వెయ్యి. ఒకటి అటైనా ఇటైనా ఫరవాలేదు, లెక్కపెట్టి చావనక్కర్లేదు. వేలకొద్దీ అనాలంటే "మిల్యాయా" అని చేతులు బార్లా చాపేది. ఆ ధోరణి నాకు తెగ నచ్చింది.

పోయిన చలికాలం ఆవిడ కుర్చీలోంచి జారి కింద పడింది. అసలే నడిచే మనిషి కాదు గనక తేడా మాకెవరికీ తెలియలేదు. నొప్పి పదికి ఎంతో అడిగి పొద్దునొకసారి, సాయంత్రమొకసారి చార్టులో రాయాలి. నేను పది వేళ్లు చూపించి అడిగాను.

"మిల్యాయో" అంది.

నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో లక్షకు తక్కువ మాటే లేదు. మా అమ్మ ఏదైనా లక్షసార్లు చెప్పేది, మా నాన్నకు ఎప్పుడూ లక్ష పనులుండేవి. అలాంటి ఇంట్లో పెరిగినదానికి వెయ్యి ఒక లెక్కా?

"ఇక్కడ పది వరకే ఉందమ్మా. వెయ్యి ఎక్కడ రాయను?" అని తెలుగులోనే బుజ్జగించి, మూడు అని రాసి సంతకం పెట్టాను. సాయంత్రం మళ్లీ అదే మాట, అదే మూడు.

ఐదో రోజు పొద్దున కూడా మూడు రాసేసి, బట్టలు మార్చడానికి పక్కకు తిప్పబోయాను. ఆవిడ నా చెయ్యి కొరికింది. అప్పుడు అంబులెన్సు పిలిచాం. తుంటి ఎముక విరిగి ఉందట. హాస్పిటల్లోనే న్యుమోనియా వచ్చి ఆవిడ చనిపోయింది. చేతి మీద పళ్ల గాట్లు ఉన్నన్నాళ్లూ స్లీవ్ పైకి మడవలేకపోయాను, సిగ్గేసి.

బట్టలు తీసుకెళ్లడానికి కూతురు వచ్చింది. కార్డిగన్లు మడతపెడుతూ ఇంగ్లీషులో అడిగింది.

"అమ్మ నొప్పని చెప్పిందా?"

"చెప్పింది."

"ఎన్నిసార్లు?"

చార్టులో నా సంతకాలు తొమ్మిది ఉన్నాయి.

"దెచీనా" అన్నాను.

ఆమె చేతిలోని కార్డిగన్ కింద పెట్టింది. "అమ్మ నేర్పిందా మీకు?" అని నన్ను కావలించుకుని ఏడ్చింది. తొమ్మిది సంతకాలు పెట్టిన చేతిని స్లీవ్‌లోకి లాక్కున్నాను.