ఆమెన్‌కు ముందు మాట

లోకాన్ని రక్షించే మెస్సీయ యేసుగా వచ్చేశాడన్న కబురు నాకు మొదట చెప్పింది మా మేనత్త. ఇంకా రాలేదని చెప్పిందీ ఆమే. రెంటికీ మధ్య నలభై ఏళ్లు.

నన్ను బడికి పంపలేని రోజుల్లో అత్తయ్యే పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించింది. ఏ ప్రార్థనైనా ‘యేసు నామంలో’ అన్నాకే ఆమెన్ అనాలని నేర్పింది. ఆ చదువుకు ఈ రోజుకీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. తరవాత్తరవాత ఆమె కాలవ అవతలి ఊళ్లో, యూదుల విశ్వాసం పట్టిన కొద్ది కుటుంబాలతో కలిసింది. వాళ్లు శుక్రవారం పొద్దు గుంకకముందే దీపాలు వెలిగిస్తారు. శనివారం పొయ్యి ముట్టించరు.

పోయిన నెల గుండె ఆపరేషన్‌కని పటమటలో మా ఇంటికి వచ్చింది. ఇష్టం కదా అని రొయ్యల ఇగురు చేశాను. గిన్నె మెల్లగా పక్కకు జరిపింది.

“పొలుసుల్లేనివి మేం తినకూడదే. పెరుగుందా?”

నాకు తల కొట్టేసినట్టయింది. పెరుగు వేస్తూ, ఉండబట్టలేక అడిగేశాను.

“ఆయన రాలేదని ఎట్లా అనగలుగుతున్నావు అత్తయ్యా?”

“మెస్సీయ మనిషేనే, దేవుడు కాదు. దావీదు వంశంలో పుడతాడు. ఆయనొచ్చాక యుద్ధాలుండవు, దేశదేశాలకు చెదిరిపోయిన యూదులంతా సొంత నేలకి చేరతారు. పొద్దున పేపర్ చూశావుగా. వచ్చినట్టే ఉందా?”

“ముందు మన పాపాల కోసం ప్రాణం పెట్టాడు. మిగతాది రెండో రాకడలో. నువ్వు నేర్పిందేగా.”

“సగం చేసి, మిగతాది మళ్లీ వచ్చినప్పుడంటే ఆటోనగర్ మెకానిక్కునే ఒప్పుకోం కదే.”

నవ్వొచ్చింది. నవ్వినందుకు భయం వేసింది.

“పోనీ, ఇద్దరం ఎదురుచూసేవాళ్లమేగా” అన్నాను.

“నువ్వు చూసేది వెళ్లినాయన కోసం. నేను చూసేది రానాయన కోసం. ఒకటెట్లా అవుద్దే?”

ఆపరేషన్ రోజు పొద్దున స్ట్రెచర్ మీద నా చెయ్యి పట్టుకుంది. “ప్రార్థన చెయ్యవే. ఆ పేరు మాత్రం వద్దు.”

ఆ పేరు లేకుండా నా ప్రార్థన గడప దాటుతుందా? చేరిస్తే, భయంలో ఉన్న మనిషిని మోసం చేసినట్టు కాదా? కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. డాక్టర్ల చేతుల కోసం అడిగాను, ఆమె ఊపిరి కోసం అడిగాను. చివరికొచ్చేసరికి నాలుక అలవాటుగా అటే పోతోంది. నేను తడబడిన ఆ అరక్షణంలో అత్తయ్యే “ఆమెన్” అనేసింది. స్ట్రెచర్ లోపలికి వెళ్లింది, ఆపరేషన్ గది తలుపులు మూసుకున్నాయి.

బయట వరండాలో ఆ పేరు ఎన్నిసార్లు తలుచుకున్నానో. అది విశ్వాసమో, ఆమెకు తెలియకుండా చేసిన దొంగతనమో, ఇప్పటికీ తేలక మనసు కొట్టుకుంటూనే ఉంది.

దేవుని దయవల్ల ఆమె బతికింది. కానీ నడక ఇంకా రెండు గదుల మేరకే. మీరు ప్రార్థనకు కూర్చున్నప్పుడు, నాకు అక్షరాలు దిద్దించిన ఆ అత్తయ్యను ఒక్కసారి తలుచుకోండి. ఎలా ముగించాలో మాత్రం నేను చెప్పలేను.