మా అన్న పేరు ముందు రెండక్షరాలు

ప్రొద్దుటూరులో నాది చిన్న డీటీపీ షాపు. పెండ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు, పెద్దకర్మ కార్డులు, ఫ్లెక్సీల మ్యాటర్, ఏది కావాలన్నా కొట్టిస్తాం. ఇన్నేళ్లలో మనుషులతో అయిన గొడవల కంటే కంప్యూటరుతో అయిన గొడవలే నాకు ఎక్కువ. మనం ఒకటి కొడితే అదొకటి చేస్తుంది. ఇంగ్లీషు కార్డులో దువ్వూరు అని కొడితే, అలాంటి ఊరే భూమ్మీద లేదన్నట్టు కింద ఎర్రగీత గీస్తుంది. చుక్క పెట్టిన ప్రతిచోటా వాక్యం అయిపోయిందనుకుని తర్వాతి అక్షరాన్ని పెద్దది చేస్తుంది. అడగని సలహాలు చెప్పే చుట్టాన్ని ఇంట్లో పెట్టుకున్నట్టే ఉంటుంది ఆ ఆటోకరెక్ట్‌తో.

అయితే దాంతో మేమూ పని చేయించుకుంటాం. కార్డులో ఇంటిపెద్దల పేర్లు వేస్తాం కదా, వాళ్లలో పోయినవాళ్ల పేరు ముందు కీ.శే. పడాలి. కీర్తిశేషులని. అది మరిచిపోతే కార్డులు వెనక్కి వచ్చినట్టే. ఒకసారి మైదుకూరు ఆయనొకడు కార్డుల కట్ట నా బల్ల మీద విసిరికొట్టి, “మా నాయన బతికుండాడా? యాడ చూసినావప్పా? చెప్పు, పొయ్యి పిల్చుకొస్తా” అని బజారంతా వినేటట్టు అరిచాడు. ఆ తర్వాత మా దగ్గర టైపు చేసే ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టింది. ఎప్పుడూ మా దగ్గరికే వచ్చే కుటుంబాల్లో పెద్దవాళ్లు పోతే వాళ్ల పేరు ఆటోకరెక్ట్‌లో ఎక్కించేస్తుంది. ఇక ఎవరు ఆ పేరు కొట్టి స్పేసు నొక్కినా, ముందు కీ.శే. దానంతటదే వచ్చి కూర్చుంటుంది. గొడవలు తగ్గాయని నేనూ సంతోషించాను.

మా అన్నది జమ్మలమడుగు పక్కన పల్లె. మా నాయన కాలంలో గొర్రెలే, అన్న కాలానికి గొర్రెలతో పాటు సేద్యం కూడా. ఒక ఏడు ఎండాకాలంలో అన్నకు కళ్లు పచ్చబడి, కడుపు ఉబ్బింది. లివరు పాడయిందన్నారు. డాక్టరు నన్నూ, అన్న కొడుకునూ పక్కకు పిలిచి, ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. తీసుకొచ్చాం. ఏం చోద్యమో గానీ, ఇంటికొచ్చిన అన్న తేరుకున్నాడు. సంగటి తిన్నాడు. మంద దాకా నడిచి వెళ్లాడు. మా ప్రాణం లేచొచ్చి డాక్టరు దగ్గరికి పరుగెత్తితే, ఇది చూసి మోసపోవద్దు, చలికాలం దాటడు అన్నాడాయన. అన్నతో మాత్రం కామెర్లు ముదిరాయి, పసరు మందుతో దిగిపోయాయి అని చెప్పాం.

ఆయన నమ్మాడు. నమ్మి, కూతురికి పులివెందుల సంబంధం ఖాయం చేసుకుని, మాఘమాసంలో ముహూర్తం పెట్టించాడు. ఆ మాట విని నా గుండెలో రాయి పడింది. ఇంటిపెద్ద పోతే ఏడాది దాకా ఆ ఇంట్లో పందిరి లేవదు. ముహూర్తం ముందుకు జరపమనాలంటే ఎందుకో చెప్పాలి. నేను చెప్పలేకపోయాను, వదిన చెప్పలేకపోయింది, వాళ్లబ్బాయి అసలు నాయన ముందర నిలబడడమే మానేశాడు.

దసరా దాటాక పెండ్లి కార్డులు కొట్టించుకోను అన్న తనే బస్సెక్కి షాపుకొచ్చాడు. టైపు చేసే ఆవిడ ఆరోజు సెలవు. నేనే కంప్యూటరు ముందు కూర్చున్నాను. అన్న కుర్చీ దగ్గరికి లాక్కుని కళ్లజోడు పెట్టుకున్నాడు.

“ఒక్కతే కూతురు. నా పేరు పైన పెద్దచ్చరాలతో రావాల. శానా మంది చూస్తారు” అన్నాడు.

ఇంటిపేరుతో సహా కొట్టి స్పేసు నొక్కాను. పేరు ముందు కీ.శే. వచ్చింది.

గబగబా చెరిపేసి మళ్లీ కొట్టాను. మళ్లీ వచ్చింది. ఈసారి అక్షరం అక్షరం మెల్లగా కొట్టాను, మెల్లగా కొడితే అది గమనించదన్నట్టు. దానికేం, మళ్లీ పెట్టింది. చావు కబురు చల్లగా చెప్పడమంటే అదే. ఆ మిషన్‌ను ఎత్తి రోడ్డు మీద వేద్దామన్నంత కోపం వచ్చింది.

“ఏందిరా అబ్బీ అది? నా పేరు ముందర ఏం రాస్తాండావు?” అన్నాడు అన్న.

“ఏం లేదులేన్నా. మిషన్ చెడింది” అని తెరను నావైపు తిప్పుకుని, టైపు చేసే ఆవిడకు ఫోన్ చేశాను. వెనక గదిలో కాగితాలు కోసే మిషన్ రొదకు మాట వినపడదని షాపులో ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాను. ఆ అలవాటే కొంప ముంచింది. మా అన్న పేరు ముందు ఇదేంది వస్తాంది అని అడిగానో లేదో, ఆవిడ అందుకుంది.

“అది నేనే ఎక్కించినా సార్. ఎండాకాలంలో మీ అన్న కొడుకు వచ్చి, నాయన ఉండేటట్టు లేడు, పెద్దకర్మ కార్డు తయారుగా పెట్టమన్నాడు. చిన్నాయనకు చెప్పద్దు, ఏడుస్తాడన్నాడు. డాక్టరు చలికాలం దాటడన్నాడంట గదా, అందుకే తీసెయ్యలా.”

ఆపెయ్యమ్మా అని అరిచేలోపే అంతా అయిపోయింది. ఆవిడ ఎలా తీసెయ్యాలో కూడా చెప్పుకుపోయింది. ఆప్షన్స్‌లోకి పోవాలంట, ప్రూఫింగ్ అంట, అక్కడ ఆటోకరెక్ట్‌లో పేరు వెతికి డిలీట్ కొట్టాలంట. నేను చేతిలో ఫోను పట్టుకుని గోడకేసి చూస్తూ ఉండిపోయాను.

డాక్టరు చేతులెత్తేస్తే కార్డు ముందే కొట్టించి, తేదీ మాత్రం ఖాళీ వదలడం మావైపు ఉన్నదే. మా చుట్టాలు గొర్రెల వెంట పోయి ఊరికొకరుగా స్థిరపడ్డారు. కార్డు ఆలస్యమైతే మమ్మల్ని మనుషుల్లో లెక్కెయ్యలేదని తరాల తరబడి అంటారు. అలాంటి కార్డులు నేనూ చాలామందికి కొట్టిచ్చాను. ఆ మనిషే వచ్చి నా పక్కన కూర్చోవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

“యాడుంది ఆ కార్డు? చూపియ్” అన్నాడు అన్న.

“వద్దన్నా, నీకు దండం పెడతా.”

“నా కార్డు నేను చూసుకోకూడదా?”

తీసి చూపించాను. అన్న తెర దగ్గరికి వంగి, పెదాలు కదుపుతూ, మొదటినుంచి చివరిదాకా చదివాడు. తర్వాత వెనక్కి వాలి, “ఫోటోలో తల దువ్వుకోలేదురా. తలకు పటకా కట్టుకుండే ఫోటో ఇంట్లో ఉంది, అది పెట్టమను” అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. అంత వయసొచ్చి, కస్టమర్లు వచ్చే షాపులో కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

“నీకూ తెలుసునా?” అన్నాడు.

తల ఊపాను.

“మీ వదినకు?”

మళ్లీ ఊపాను. అన్న కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. మా అన్న నోటికి జడిసి చిన్నప్పుడు గొర్రెలు కూడా దారి తప్పేవి కావు. ఆ నోరు అట్లా మూతపడి ఉండడం నేను భరించలేకపోయాను.

“పిల్లోన్ని ఒక్క మాట అనాకు. ముందుచూపు నేనే నేర్పినా వానికి” అన్నాడు చివరికి. “నాకు తెలిసినట్టు తెలియనీయాకు.”

తర్వాత నా చేతిలో ఫోను తీసుకుని పులివెందుల వియ్యంకుడికి చేశాడు. “బావా, మాఘం దాంక ఆగలేనబ్బా. కార్తీకంలోనే కానిద్దాం. మంటపం దొరక్కపోతే మా కల్లంలో పందిరేస్తా. ఎందుకంటే ఏం చెప్పేది, తొందరపాటు మనిషిని” అని నవ్వాడు కూడా. నవ్వుతూనే నాకు చేత్తో సైగ చేశాడు, కొట్టు కొట్టు అని.

ఆవిడ చెప్పిన దారిలోనే పోయి అన్న పేరు వెతికి తీసేశాను. ఉత్త పేరు పెద్దక్షరాలతో పడింది. కార్తీకమాసం తేదీ వేశాను.

పెండ్లి కల్లంలోనే జరిగింది. అన్నకు మళ్లీ కాళ్లు వాచాయి. అయినా కూర్చుని అల్లుడి కాళ్లు కడిగాడు. అప్పగింతల్లో కూతురి చేతిని వియ్యంకుడి చేతిలో పెట్టి, అందరూ ఏడుస్తుంటే తానూ ఏడ్చాడు. అయిపోయిందనుకుని జనం కదులుతుంటే, పక్కనున్న కొడుకు చేతిని పట్టుకుని తెచ్చి నా చేతిలో పెట్టాడు. “ఏంది నాయనా, నేనేమన్నా అత్తగారింటికి పోతాండానా?” అని వాడు నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. అన్న మాత్రం వాడి చేతి మీద నా వేళ్లు మూసి, గట్టిగా పట్టుకోమని నా కళ్లలోకి చూశాడు.