కుట్టించని జాకెట్టు

మా ఇంట్లో కేబుల్ తీయించింది నేనే. మా ఆయన ఇప్పటికీ ఆ ఘనత నాకే కట్టబెట్టి నలుగురిలో మెచ్చుకుంటారు. ఆయన మొదలుపెట్టగానే నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను. పొయ్యి మీద ఏమీ లేకపోయినా వెళ్ళిపోతాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. గుంటూరుకు దగ్గర్లోని ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం. ఆయన టౌన్లో పత్తి మిల్లు గుమాస్తా. పొద్దున్నే బస్సుకు పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేవారు. మాకు ఒక్కతే అమ్మాయి. ఆ ఏడు పదో తరగతి. అర్ధసంవత్సరం పరీక్షల్లో లెక్కలు అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. మార్కుల కాగితం చూసి ఆయన ఏమీ అనలేదు గాని నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. తప్పంతా టీవీదేనని అక్కడికక్కడే తీర్పు చెప్పేశాను. పిల్ల రోజుకు గంటసేపు చూసేదేమో. మధ్యాహ్నమంతా దాని ముందు కూర్చునేది నేను.

ఆ ఆదివారం ముగ్గురం పెదకాకాని గుడికి వెళ్ళాం. పరీక్షలయ్యేదాకా ఇంట్లో ఎవరూ టీవీ చూడకూడదని స్వామి ముందు మొక్కుకున్నాం. "ఎవరూ అంటే నువ్వు కూడానా అమ్మా?" అని అడిగింది అమ్మాయి. "ముందు నేనే" అన్నాను. మర్నాడు కేబుల్ కుర్రాడొచ్చి తీగ పీకి చుట్ట చుట్టి సజ్జ మీద పడేసి వెళ్ళాడు. టీవీకి అల్లిక గుడ్డ కప్పి దాని మీద పిల్ల పుస్తకాలు సర్దాను.

ఇంట్లో అయిపోయింది, ఇక వీధిలో చెప్పుకోవాలి కదా. మిరప కోతలు మొదలైతే మా వీధి ఆడవాళ్ళకు చేతినిండా పని. వ్యాపారులు ఎండుమిరప బస్తాలు ఇళ్ళకు పంపేవారు. తొడిమలు తుంచి, రంగు పోయిన తాలు కాయలు వేరు చేసి, మంచి కాయలు మళ్ళీ బస్తాకెత్తాలి. మూడింటికి సీరియల్ వేళకు నలుగురైదుగురు చేటలు పట్టుకుని మా ఇంటికి వచ్చేవారు. ఇల్లంతా ఘాటు పట్టేస్తుందని వాళ్ళను వరండాలోనే కూర్చోబెట్టేదాన్ని. వాళ్ళు గుమ్మంలోంచి మెడలు సాచి చూస్తూ చేతులతో తొడిమలు తుంచుతుంటే, నేను లోపల ఫ్యాను కింద కుర్చీలో కూర్చునేదాన్ని. అందులో నాకు అప్పట్లో ఏ తప్పూ కనిపించలేదు.

కేబుల్ తీసిన రోజు వాళ్ళు చేటలతో వచ్చారు. నేను గుమ్మంలో నిలబడి, "ఇక మా ఇంట్లో టీవీ లేదమ్మా. పిల్ల చదువు ముఖ్యం. మీరు కూడా ఆ పిచ్చి సీరియళ్ళు మాని మీ పిల్లల సంగతి చూసుకోండి" అని ఉపన్యాసం ఇచ్చాను. మూడిళ్ళ అవతల ఉండే దర్జీ గారి భార్య అందరికంటే ముందు చేట చంకన పెట్టుకుని, "మంచి పని చేశారక్కా" అంది. ఆమె మనస్ఫూర్తిగానే అంది. మిగతావాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటూ వెళ్ళిపోయారు.

నిజం చెప్పాలంటే సాయంత్రాలు బాగానే గడిచాయి. మా అత్తగారి కాలం నాటి వామనగుంటల పీట అటక మీంచి దించాను. చింతగింజలు కడిగి ఆరబెట్టాను. ఆయన సుద్దముక్కతో నట్టింట్లో అష్టాచెమ్మా గళ్ళు గీసేవారు, ఓడిపోతే గవ్వలు సరిగ్గా పడలేదని దెబ్బలాడేవారు. లైబ్రరీ నుంచి ఒక పాత డిటెక్టివ్ నవల తెచ్చి, భోజనాలయ్యాక రోజుకు పది పేజీలు పైకి చదివేవారు. చివరి పేజీలు ఎవరో చింపేశారు. హంతకుడెవరో తెలియక ముగ్గురం తలా ఒకణ్ణి పట్టుకుని వాదించుకున్నాం. తోటమాలే చంపాడని మా అమ్మాయి చెప్పిన కారణం విని ఆయన, "ఇంత బుర్ర పెట్టుకుని లెక్కల్లో ఎందుకే ఏడుస్తావు?" అన్నారు. పిల్ల పడీ పడీ నవ్వింది. ఆ ఇల్లు అలాగే ఉండిపోతే ఎంత బాగుండేది.

నా చిక్కంతా మధ్యాహ్నాలతోనే. మూడు కొట్టేసరికి కాళ్ళు చేతులు ఆడేవి కావు. సీరియల్లో అత్తగారు కోడలికి వచ్చిన ఉత్తరం బియ్యం డబ్బాలో దాచింది. సరిగ్గా ఆ ఘట్టం దగ్గర మా కేబుల్ పోయింది. ఆ ఉత్తరం బయటపడిందో లేదో తెలియక, నాలుగు రోజులు నా బియ్యం డబ్బా మూత తీసినప్పుడల్లా అదే ధ్యాస.

అయిదో రోజు వీధిలో దర్జీ గారి భార్య కనిపించింది. "మీరు తీయించేశాక మా ఆయన పాత పోర్టబుల్ టీవీ ఒకటి తెచ్చాడక్కా. బొమ్మ కాస్త వణుకుతుందిగాని కనబడుతుంది" అంది. నేను ఏదో పుల్లవిరుపుగా తలూపి వచ్చేశాను. మర్నాడు మూడింటికి ట్రంకుపెట్టెలోంచి ఒక ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ తీసుకుని వాళ్ళింటికి బయల్దేరాను. దర్జీ ఇంటికి జాకెట్టు గుడ్డతో వెళ్ళే ఆడదాన్ని ఎవరు మాత్రం అడుగుతారు?

ఇరుకు గది. ఆడవాళ్ళందరూ మిరపకాయల రాశి చుట్టూ నేల మీద కూర్చున్నారు. నన్ను చూసి ఎవ్వరూ నవ్వలేదు. నా ఉపన్యాసం ఎవ్వరూ గుర్తు చేయలేదు. దర్జీ గారి భార్య మిషను ముందున్న కుర్చీ తుడిచి, టీవీ బాగా కనబడే చోట వేసి, "కూర్చోండక్కా, ఇక్కడ ఘాటు తక్కువ" అంది. నా వరండా గుర్తొచ్చింది. ఆ కుర్చీలో ముళ్ళ మీద కూర్చున్నట్టే కూర్చున్నాను. రెండో రోజుకు ఇక ఉండబట్టలేక నేనూ నేల మీదకు దిగి ఒక చేట ముందుకు లాక్కున్నాను.

అలా నెలన్నర. అదే ఆకుపచ్చ గుడ్డ రోజూ వెళ్ళేది, రోజూ వచ్చేది. ఒక్కోసారి దర్జీ గారే మొహమాటంగా, "కొలత జాకెట్టు ఇస్తే కుట్టి పడేస్తానండి" అనేవారు. "చూద్దాంలే" అనేదాన్ని. పని అయ్యాక చేతులకు కొబ్బరినూనె రాసుకుని, సబ్బుతో కడుక్కుని, అయిదింటికి పిల్ల బడి నుంచి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు గుమ్మంలో కూర్చునేదాన్ని. తల దువ్వి జడ వేసి ట్యూషన్‌కు పంపేదాన్ని. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, నా సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను. పైగా పిల్ల ఎప్పుడైనా పుస్తకం మీద కునికితే, "నీకోసం నేను టీవీ మానుకున్నాను, నువ్వు నిద్ర మానుకోలేవా?" అనేదాన్ని. ఈ మాట రాస్తుంటే చెయ్యి రావడం లేదు. కాని అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు అన్నాను.

పరీక్షలు వచ్చాయి. పొద్దున రాసి వచ్చి మధ్యాహ్నం నుంచి ఇంట్లోనే చదువుకునేది. ఆ రోజుల్లోనైనా మానాల్సింది. లెక్కల పరీక్ష ముందు రోజు సెలవిచ్చారు. ఆ మధ్యాహ్నం పిల్ల లెక్కలు చేసుకుంటోంది. "దర్జీ వాళ్ళింటికి వెళ్ళి ఇప్పుడే వస్తాను" అన్నాను. తలెత్తి నన్ను చూసి, నా చేతిలో గుడ్డ చూసి, "సరేనమ్మా" అంది.

ఆ రోజు కాయలు మహా కారం. ఒలుస్తుంటేనే అందరికీ దగ్గులు, తుమ్ములు. సీరియల్లో కోడలు ఎట్టకేలకు బియ్యం డబ్బా మూత తీసింది, అక్కడితో ఆపేశారు. ఆలస్యమైందని కంగారుగా లేచి, చేతులు చీర కొంగుకే తుడుచుకుంటూ ఇంటికొచ్చాను. నూనె సంగతి, సబ్బు సంగతి ఏదీ గుర్తులేదు.

గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, పిల్ల ఒక కన్ను మూసుకుని ఎదురొచ్చింది. "అమ్మా, కంట్లో నలక పడింది, కాస్త ఊదవూ" అంది.

నేను రెప్ప పైకెత్తి పట్టుకుని ఊదాను. రెండు వేళ్ళతో పట్టుకున్నాను.

ఆ అరుపు నాకిప్పటికీ వినబడుతుంది. కళ్ళు మూసుకుని నేల మీద కూలబడిపోయింది. చెంబులకు చెంబులు నీళ్ళు పోశాను. నేను తుడవబోతే, "నువ్వు ముట్టుకోకమ్మా" అంది. కోపంతో కాదు, భయంతో. అప్పుడు నా వేళ్ళు చూసుకున్నాను. దర్జీ గారి భార్యకు ఎవరు చెప్పారో, పరుగున వచ్చి పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని, తడిగుడ్డ కంటి మీద మారుస్తూ కూర్చుంది. నేను పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. కడుక్కుంటూనే ఉన్నాను.

ఆమె వెళ్ళిపోయాక పిల్ల పక్కన కూర్చున్నాను. కన్ను వాచి చింతనిప్పులా ఉంది. అప్పుడు మంట తగ్గిందా అని అడగాలి కదా ఏ తల్లయినా. నేను అడిగింది, "నాన్నకు చెబుతావా?" అని.

"చెప్పను" అంది.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"శివరాత్రికి ముందు నుంచే. నువ్వు జడ వేశాక ఘాటు వస్తుంది కదమ్మా. ట్యూషన్లో నా పక్కన కూర్చునే అమ్మాయి రోజూ తుమ్ముతుంది."

అంటే నెల రోజులు. నెల రోజులు నా త్యాగం గురించి నేను చెప్పిందంతా, ఆ పిల్ల నా చేతి వాసన జడలో పెట్టుకుని వింది.

సాయంత్రం ఆయన వచ్చారు. కన్ను చూసి అదిరిపడ్డారు. నేను నోరు తెరిచేలోపు అమ్మాయే, "పచ్చిమిరపకాయ తరిగి ఆ చేత్తోనే కన్ను నులుముకున్నాను నాన్నా" అంది. ఆయన ఎప్పుడూ పిల్లను గట్టిగా అనరు. ఆ రోజు అన్నారు. "రేపు లెక్కల పరీక్ష పెట్టుకుని వంటింట్లో ఏం పనే నీకు? మీ అమ్మ నీకోసం అన్నీ మానుకుని కూర్చుంటే నీకు ఆ మాత్రం ఒళ్ళు తెలియొద్దా?" పిల్ల తల దించుకుంది. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డానే గాని ఆ మాట అనలేదు.

మర్నాడు ఒక కన్ను సగం మూసుకుపోయి, జేబురుమాలు అద్దుకుంటూ వెళ్ళి రాసి వచ్చింది. ప్యాసయింది. మార్కులు ఆయన అనుకున్నన్ని రాలేదు. "పచ్చిమిరపకాయ కొంప ముంచింది" అని ఆయన కొన్నాళ్ళు నొచ్చుకున్నారు. అది నిజమో కాదో నాకు తెలియదు. తెలియకపోవడం వల్ల నా బరువేమీ తగ్గలేదు.

పరీక్షలైన వారానికి కేబుల్ కుర్రాడు నిచ్చెన వేసుకుని మళ్ళీ తీగ కట్టడానికి వచ్చాడు. మా ఆయన వీధి వినబడేలా, "మా ఆవిడ పట్టు పడితే పట్టే. రెండు నెలలు టీవీ మొహం చూడలేదు" అన్నారు. దర్జీ గారి భార్య తన గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ తల వంచుకుంది. మా అమ్మాయి నా వైపు చూసి, "అవును, అమ్మ ఒక్కరోజు కూడా చూడలేదు" అంది. ఆ మాటలో వెక్కిరింత ఏమన్నా ఉందేమోనని వెతికాను. ఉంటే కాస్త తేలికపడేదాన్ని. లేదు.

సీరియల్లో ఆ కోడలి ఉత్తరంలో ఏముందో ఆ తర్వాత నేను చూడలేదు. ఆకుపచ్చ గుడ్డ ట్రంకుపెట్టె అడుగున అలాగే ఉంది, ఇప్పటికీ మడత విప్పితే ముక్కు అదురుతుంది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నేను రాసినవన్నీ ముందు తనే చదువుతారు, తప్పులు దిద్దుతారు. ఇది కూడా ఆయనకే ఇస్తున్నాను. ఏవండీ, ఆ సాయంత్రం అమ్మాయిని మీరు తిట్టిన తిట్లు నావి.