కదిలింది నీ చెయ్యే అత్తా

నిన్న పొద్దున తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, కరుణమ్మత్త పోయింది" అన్నాడు.

"యాడికి?" అన్నాను.

నిజంగానే అట్లా అడిగినాను. ఒక చోట కుదురుగా ఉండే మనిషి కాదు కదా మా మేనత్త.

రెండోసారి స్ట్రోక్ అంట. హాస్పిటల్‌కి పోయేలోపలే అయిపోయిందంట.

విడవలూరు మార్కెట్లో చేపలు కొన్నోళ్లకి అత్త తెలిసే ఉంటాది. మనం బేరమాడటం అయ్యేలోపల చేప ముక్కలై సంచీలో ఉండేది. మొదటి స్ట్రోక్‌కి ఆ కుడి చెయ్యే పడిపోయింది. మళ్లీ కత్తిపీట ముందర కూర్చోవాల, అంతే. ఇంకో కోరిక లేదు ఆమెకి.

నెల్లూరులో రోబో థెరపీ ఉందంటే నేనే తీసుకుపోయేదాన్ని. చేతిని మిషన్‌కి కట్టేస్తారు, ముందర స్క్రీన్ మీద గ్లాసులు షెల్ఫ్‌లో సర్దే గేమ్. మన చెయ్యి ఆగిపోయిన చోట మిషన్ పట్టుకోని ముందుకి నడిపిస్తాది.

మొదటి రోజే అనేసింది అత్త, "మీ మామ ఒక్కనాడన్నా ఇట్లా చెయ్యి పట్టుకోని నడిపించినాడా?"

ఫిజియో అమ్మాయికి నవ్వు ఆగలా. మామ బయటే కూర్చోనున్నాడు పాపం, వినపడే ఉంటాది.

నవ్వతా అన్నా, ఆమె మనసులో అదే ఖాయమైపోయింది. కదిలించేదంతా మిషనే అని. ఇంట్లో చెయ్యి ఎత్తమంటే "మిషన్ లేకుండా యాడ లేస్తాదే?" అనేది. ట్రై కూడా చేసేది కాదు.

పోయిన వారం ఆ అమ్మాయి మిషన్ హెల్ప్ తగ్గిస్తా తగ్గిస్తా, అత్తకి చెప్పకుండా పూర్తిగా ఆపేసింది.

చెయ్యి వణికింది. ఆగింది.

మళ్లీ కదిలింది. స్క్రీన్ మీద గ్లాసు పోయి షెల్ఫ్‌లో కూర్చుంది.

"అత్తా, అది నువ్వే!" అని చప్పట్లు కొట్టినాం.

"పోండే, చంటిబిడ్డని ఏమార్చినట్టు ఏమారుస్తా ఉండారు."

ఎంత చెప్పినా నమ్మలా. "సోమవారం రండి ఆంటీ, కట్లు విప్పేసి ఉత్త టేబుల్ మీద చేయిస్తా, మీరే చూద్దురుగాని" అనింది ఆ అమ్మాయి. మాకేమో బస్ టైమ్ అయిపోతా ఉంది. సరేలే సోమవారం అన్నాం.

రేపే సోమవారం.

ఐదు నిమిషాల పని అది. బస్ పోతే ఇంకో బస్ వచ్చేది. ఆ రోజే కట్లు విప్పి చూపించుంటే ఎంత సంబరపడిపోయేదో.

నిన్న సాయంత్రం చేతులు రెండూ ఛాతీ మీద పెడతా ఉంటే, "కుడిది చచ్చుబడిన చెయ్యి, మెల్లిగా" అన్నారెవరో.

"కాదు, అది బాగైపోతా ఉండింది!" అని అరిచేసినాను, అంతమందిలో.

వినాల్సిన మనిషి మాత్రం వినలా.

పోయిరా అత్తా. ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉండు.

నా మాట నమ్మకపోతే ప్రభువునే అడుగు. ఆ రోజు కదిలింది నీ చెయ్యే.