ఏడో వారం పేజీ

ఎనిమిదేళ్లుగా ఒక కాగితం నా సర్వే పుస్తకంలో ఉంది. తూచితే బరువేమీ ఉండదు. ఏ ఊరికి బదిలీ అయినా ముందు దాన్నే సర్దుకుంటాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

అప్పుడు మేం మంచిర్యాల దగ్గర బొగ్గుబాయి క్వార్టర్లలో ఉండేవాళ్లం. నేను డిప్లొమా పూర్తిచేసి సర్వే పనిలో కొత్తగా చేరాను. వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలు చింపి, వరుసగా పెట్టి, దారంతో కుట్టి బైండు చేసేవాణ్ని. ఆ బైండు మా లైనంతా తిరిగేది. ఎవరు ఏ వారం చదవలేదో వెనక అట్ట మీద రాసుకునేవాణ్ని.

పక్క క్వార్టర్ సుగుణక్క ఏడో తరగతి దాకా చదివింది. భర్త బాయిలో పని. ఒకరోజు పిల్లల నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ సీరియల్లో రైల్వే గేటు కాసేవాని భార్య ఒకామె ఉంటుంది. కథానాయకునికి రెండుసార్లు మంచినీళ్లిస్తుంది, అంతే. అక్క ఆమె కథ రాసింది. నలభై పేజీలు.

"తమ్మీ, నువ్వు లెక్కవెట్టి చదువుతవ్. గిది అండ్ల కలుస్తదా, జర చూడు. కలిస్తే దాంట్లనే కుట్టెయ్యి. నలుగురు చదువుతరు."

చదివాను. అందులో గేటు కాసే మొగడు డ్యూటీ నుంచి ఆలస్యంగా వస్తాడు. ఎక్కడికి పోయినవని ఆమె అడగదు. కాళ్లకు నీళ్లిచ్చి, చెప్పులకు అంటిన మన్ను రంగు చూస్తుంది. గేటు దగ్గర ఎర్రమన్ను లేదు. అన్నం వడ్డిస్తుంది. సీరియల్ మొత్తంలో అలాంటి చోటు ఒక్కటీ లేదు. బాయి సైరన్ కోసం చెవి పెట్టుకుని బతికే మనిషి తప్ప ఇంకెవరు రాయగలరు? పాత కథను ఎక్కడా చెడగొట్టలేదు, అసలు రచయిత చెప్పడం మరిచిపోయినదాన్ని తెచ్చి దాని చోట్లో పెట్టినట్టుంది. తప్పుల పట్టిక వేద్దామని పక్కన పెట్టుకున్న కాగితం తెల్లగానే మిగిలింది.

అదే సీరియల్‌కు నేనూ ఒక కొనసాగింపు రాసి దాచుకున్నాను. తేదీలు, రైళ్ల వేళలు, దూరాలు అన్నీ సరిపోయేవి. మనుషులే లేరు. అది అక్క నోటుబుక్కు చదివాకే తెలిసింది. అసూయ అంటే సరిపోతుందా? ఏమో.

ఏడో వారం వచ్చినప్పుడు అక్క కాన్పుకు చొప్పదండిలో తల్లిగారింట్లో ఉంది. ఆ వారం ఆమె చదవలేదని నా అట్ట మీద రాసే ఉంది. ఆ వారం తర్వాత గేటు కాసేవాడు కథలోకి రాడు. ఆ వారం కాగితం బ్లేడుతో కోసేశాను.

"కలువదక్కా," అన్నాను. "ఏడో వారంల ఆమె మొగడు సచ్చిపోతడు. నువ్వేమో అటెన్క గూడ బతికిచ్చినవ్."

అక్క నవ్వింది. "అవ్వో, సచ్చినోనికి అన్నం వెట్టిన్నా."

బైండు అడిగి తీసుకుపోయింది. మరునాడు తెచ్చిచ్చింది.

"గా పేజే లేదు తమ్మీ. పోనీ. నువ్వు చూసినవ్ గద, చాలు."

తెలిసే అన్నదా? ఆ నోటుబుక్కు మళ్లీ కనబడలేదు. ఏడాదికి వాళ్లు వేరే బాయికి మారిపోయారు. తర్వాత రాసిందో లేదో నాకు తెలియదు. క్షమించమని అడిగేందుకు అడ్రసు వెతికానా అంటే, వెతకలేదు.

కాగితం ఇప్పుడు నా ముందే ఉంది. ఏడో వారం, రెండో పేజీ, కింది నుంచి నాలుగో వరుస. గేటు కాసేవాడు బతికే ఉన్నాడు. కలుస్తది అక్కా. ఒక్క అక్షరం మార్చకుండ కలుస్తది.